వానప్రస్థమూ, పెన్షనూ

ఉద్యోగం నుంచి రిటైరైన వాళ్ళకు హితబోధ చెయ్యటం ఈనాడు ఒక పెద్ద వృత్తిగా పెరిగింది. పత్రికల ఆదివారం అనుబంధాలు ఆ పని చేస్తాయి. టెలివిజన్‌లో ప్రవచనకారులు చేస్తారు. వ్యక్తిత్వ వికాస గ్రంథకర్తలు చేస్తారు. చివరకు బీమా కంపెనీలు సైతం, నెరిసిన జుట్టుతో సముద్రం వొడ్డున నవ్వుతూ నడిచే దంపతుల బొమ్మ వేసి, ఆ బొమ్మ కింద తమ యాన్యుటీ పథకాన్ని అమ్ముకుంటూ ఇదే హితబోధ చేస్తాయి. వీళ్ళందరూ చెప్పేది దాదాపు ఒకటే: పొద్దున్నే నడవండి, ప్రాణాయామం చెయ్యండి, చిన్ననాడు మానేసిన సంగీతమో చిత్రలేఖనమో మళ్ళీ మొదలుపెట్టండి, మనవలతో ఆడుకోండి, తీర్థయాత్రలు చెయ్యండి, గతాన్ని తవ్వుకోకండి, ఎవరి దగ్గరా ఏమీ ఆశించకండి. ఇట్లా చేస్తే మలివయసుకు అర్థమూ, తృప్తీ వాటంతట అవే వస్తాయట.

ఈ సలహాల్లో దేన్నయినా విడిగా తీసుకుని చూస్తే తప్పు పట్టవలసిందేమీ కనిపించదు. నడక మంచిదే. సంగీతం మరీ మంచిది. తగాదా సలహాలతో కాదు, వాటి అడుగున దాగివున్న సిద్ధాంతంతో. మలివయసులో బతుక్కు అర్థం వుండటమూ లేకపోవటమూ ఆ మనిషి మనసుకు సంబంధించిన విషయమనీ, అతని దృక్పథం బాగుంటే అంతా బాగుంటుందనీ, బాగా లేకపోతే లోపం అతనిదేననీ ఆ సిద్ధాంతం. అది పచ్చి భావవాదం. దానివల్ల లాభపడేవాళ్ళు వున్నారు గనకనే దానికి ఇంత ప్రచారం.

అట్లా అని, మనవాళ్ళలో కొందరు చేసేటట్టు, సమస్యనే కొట్టిపారెయ్యటం సరికాదు. అరవయ్యేళ్ళు నిండిన ఉపాధ్యాయుడు తనకేమీ తోచటం లేదంటే, అది పొట్టనిండిన మధ్యతరగతి రోగమని వెక్కిరించటం తేలిక. ఆఖరు రోజున అతనికి శాలువా కప్పుతారు, దండ వేస్తారు, సన్మానపత్రం చదువుతారు. ఆయన లేని లోటు తీరనిదని వేదిక మీదివాళ్ళు ఒకరి తరవాత ఒకరు చెపుతారు. మర్నాడు పదింటికల్లా బడికి ఆ లోటు తీరిపోతుంది. తీరనిది అతనికే. ముప్పయ్యేళ్ళుగా గంట మోగితే లేచిన శరీరం గంట మోగకపోయినా లేస్తుంది, లేచి ఎటు పోవాలో తెలియక నిలబడుతుంది. ఇందులో నవ్వవలసిందేముంది?

నిజానికి ముసలితనం గురించి వామపక్షం ఆలోచించింది చాలా తక్కువ. పాల్ లఫార్గ్ 1880లో సోమరితనపు హక్కు గురించి పుస్తకం రాసి, పనిని పూజించే దురలవాటును చీల్చి చెండాడాడు. రోజుకు మూడు గంటల పని చాలన్నాడు. విశ్రాంతి విలువ తెలిసిన మనిషి. అటువంటివాడు డెబ్భయ్యో యేడు రాకముందే బతుకు చాలించాలని ఎప్పుడో నిశ్చయించుకుని, 1911లో, 69 యేళ్ళ వయసులో, భార్య లారాతో సహా ప్రాణం తీసుకున్నాడు. లారా మార్క్సు కూతురు. వృద్ధాప్యం తన శక్తులను హరించి తనను తనకూ ఇతరులకూ బరువుగా చేస్తుందని ఆయన భయం. మనిషి విలువ అతని శక్తిసామర్థ్యాల్లో మాత్రమే వుందని నమ్మటం యజమాని లెక్క. ఆ లెక్క ఎంత లోతుగా పాతుకుపోతుందో చూడండి. దాన్ని జన్మంతా ఎదిరించినవాడే చివరకు దాన్ని తనమీద తాను ప్రయోగించుకున్నాడు. ఈ విషయంలో ఆయన్ను మనం అనుసరించవలసిన పని లేదు.

మన దేశంలో ఈ ప్రశ్నకు ఒక ప్రాచీన సమాధానం వుందని, దాని పేరు వానప్రస్థమని ప్రవచనకారులు గర్వంగా చెపుతారు. వొంటిమీద ముడతలు, తలలో నెరుపు కనిపించి, కొడుక్కు కొడుకు పుట్టాక గృహస్థు అడవికి పోవాలని మనుస్మృతి ఆరో అధ్యాయం చెప్పిన మాట నిజమే. భార్యను కొడుకులకు అప్పగించి పోవచ్చు, వెంట తీసుకునీ పోవచ్చు; ఆమె ఇష్టమేమిటో అడిగిన జాడ లేదు. మన ఉపదేశకులు ఎన్నడూ పైకి చదవని సంగతి ఇంకొకటి వుంది. ఈ ఆశ్రమాలన్నీ ద్విజులకు. శూద్రుడికి చెప్పిన ధర్మం పై మూడు వర్ణాలకు సేవ చెయ్యటం. ఆ సేవకు ఇంత వయసుతో సరి అనే గడువు ఎక్కడా రాయలేదు. ముసలివాడైన యజమాని అడవికి పోయి ఆత్మచింతన చేసుకోవచ్చు. అతని పొలం దున్నే ముసలివాడు మాత్రం దున్నుతూనే వుండాలి. నాగలి ఆగితే అడవిలో వున్నవాడి ఇంటికి గింజలు రావు గదా!

ఈ ఏర్పాటు మనువుతో పోలేదు. మన దేశంలో పనిచేసే వాళ్ళలో నూటికి సుమారు తొంభైమందికి నియామక పత్రమూ లేదు, పదవీ లేదు, విరమణా లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టాన్ని తీసుకోండి. అందులో కూలీకి కనీస వయసు 18 అని రాశారు. గరిష్ఠ వయసు రాయలేదు. దాన్ని ఉదారత అని కొందరన్నారు. ముసలివాళ్ళకు కూడా పని ఇవ్వటం మంచిదే కదా అన్నారు. ఎండాకాలంలో అరవయ్యయిదేళ్ళ అవ్వ తలమీద మట్టితట్ట మోసిందంటే ఆమెకు మలివయసులో వ్యాపకం దొరికిందని ఎవరైనా అనగలరా? ఆమె ముందు వ్యక్తిత్వ వికాస గ్రంథం తెరిచి, చిన్ననాడు మానేసిన కళను తిరిగి పట్టుకోమని చదివి వినిపించే ధైర్యం ఏ గ్రంథకర్తకు వుంది?

ఆమెకు రాజ్యం ఇచ్చే సమాధానం ఇది. 1995లో కేంద్రప్రభుత్వం వృద్ధాప్య పెన్షను మొదలుపెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు ఇచ్చింది. 2007లో ఆ పథకానికి ఇందిరాగాంధీ పేరు పెట్టేనాటికి 200 అయింది. రాష్ట్రాలు తమ వాటా కలిపి పెంచుతూ వచ్చాయి: తెలంగాణలో 2019లో 2016 రూపాయలు చేశారు, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 4000 చేశారు. ఈ పెంపులు ఎన్నికల కోసమేనని కొందరు చదువుకున్న పెద్దలు ఈసడిస్తారు. ఎన్నికల కోసమే కావచ్చు. నాలుగు ముద్దలు ఎన్నికల కోసం పెట్టినా తినేవాడికి అవి ముద్దలే. అయితే ఆ డబ్బుతో మందులు కొనుక్కోవచ్చుగాని పని మానుకోలేరు. కంపెనీల్లో పనిచేసినవాళ్ళ సంగతి దీనికన్నా మెరుగనుకోకండి. 1995 నాటి ప్రావిడెంటు ఫండు పెన్షను పథకం కింద కనీస పెన్షను 1000 రూపాయలుగా 2014లో నిర్ణయించారు. ఆ వెయ్యి కూడా ఎన్నో ఏళ్ళ ఆందోళన తరవాత.

ఇక ఇంటిచాకిరీ చేసే స్త్రీ. ఆమె రిటైరయ్యే రోజు ఏ క్యాలెండర్లోనూ లేదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీ అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంది, చేసే పురుషుడు 97 నిమిషాలు. భర్త రిటైరైననాడు ఆమె పని తగ్గకపోగా పెరుగుతుంది. పగలంతా ఇంట్లో లేని మనిషి ఇప్పుడు ఇంట్లో వుంటాడు. పదకొండు గంటలకు రెండో కాఫీ కావాలి. అతనికేమీ తోచటం లేదు గనక అతని విసుగును భరించటం కూడా ఆమె వంతే అవుతుంది. పదవీ విరమణ గురించి వచ్చే వ్యాసాలన్నీ మగవాడి విసుగు గురించినవే. భార్య ఆ వ్యాసాల్లో అతనితోపాటు నడకకు వచ్చే తోడుగా తప్ప కనిపించదు.

కనక మలివయసుకు అర్థమేమిటని అడగబోయే ముందు, అసలు రిటైరయ్యేది ఎవరని అడగాలి. ఆ ప్రశ్న వేస్తే పదవీ విరమణ అసలు స్వరూపం కొంత తెలుస్తుంది. రోజుకు ఎనిమిది గంటల పని కోసం కార్మికులు పోరాడినప్పుడు మిగిలిన పదహారు గంటల్లో ఎనిమిది నిద్రకూ, ఎనిమిది తమ ఇష్టానికీ అన్నారు. పదవీ విరమణ అనేది ఆ కోరికనే జీవితకాలానికి వర్తింపచెయ్యటం. ఒక వయసు దాటాక మిగిలిన కాలం నాది అని పనివాడు అనగలగటం. ప్రకృతి దీన్ని ఇవ్వలేదు, పెద్దమనసుతో యజమానీ ఇవ్వలేదు. 1889లో జర్మనీలో బిస్మార్క్ వృద్ధాప్య బీమా చట్టం తెచ్చాడంటే సోషలిస్టులకు ప్రజల్లో పెరుగుతున్న పలుకుబడిని చూసి తెచ్చాడు. అందులోనూ పెన్షను వయసు 70 అని పెట్టాడు. ఆ రోజుల్లో కార్ఖానా కూలి డెబ్భై దాకా బతికితే గదా పుచ్చుకోవటానికి! అది 65కు దిగింది 1916లో.

రిటైరయ్యే వయసును మనిషి శరీరమూ, బుద్ధీ నిర్ణయిస్తాయనుకునే అమాయకులు ఇంకా వుంటే వాళ్ళు మన రాష్ట్ర చరిత్ర చూడవచ్చు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వయసును 58 నుంచి 55కు దించి వేలాదిమంది ఉద్యోగులను ఒక్కసారిగా ఇళ్ళకు పంపింది. యువకులకు అవకాశం కలిపించటానికట. తరవాత మళ్ళీ 58 అయింది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 60 చేశారు. 2021లో తెలంగాణలో 61 చేశారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 62 చేశారు. ఈసారి కారణం అనుభవజ్ఞుల సేవలను వినియోగించుకోవటమట. 1983లో ఆ అనుభవం ఎక్కడికి పోయింది? 2022లో ఆ యువకులు ఎక్కడికి పోయారు? ఉద్యోగి దిగిపోతే అతనికి గ్రాట్యుయిటీ, పెన్షను కమ్యుటేషను ఒకేసారి చెల్లించాలి. దిగిపోకపోతే ఇంకో రెండేళ్ళు ఆ చెల్లింపు వాయిదా పడుతుంది. అదీ అసలు సంగతి. ఖజానా ఖాళీగా వుంటే మనిషి పడుచువాడవుతాడు.

సరే, అన్నీ వున్నవాడి సంగతి చూద్దాం. పాత పెన్షను వస్తున్నది, ఇల్లు వుంది, ఆరోగ్యం వుంది. అతనికి ఎందుకు తోచదు?

ఈ ప్రశ్నకు చెహోవ్ 1889లో రాసిన 'విసుగు కథ'లో మంచి సమాధానం వుంది. ఆ కథలో ముసలి ప్రొఫెసరు నికొలాయ్ స్తెపానొవిచ్ ఇంకా రిటైరు కాలేదు. పాఠాలు చెపుతున్నాడు, దేశమంతటా పేరున్నవాడు. తను త్వరలో చనిపోతానని తెలిశాక వెనక్కు తిరిగి చూసుకుంటే, తన ఆలోచనలూ అభిప్రాయాలూ విడివిడిగా వున్నాయిగాని వాటన్నిటినీ కలిపే సూత్రం ఒకటి లేదని కనుక్కుంటాడు. తను పెంచిన పిల్ల కాత్యా వచ్చి, నేనేం చెయ్యాలో చెప్పమని ఏడిస్తే, అతనికి చెప్పటానికి ఏమీ వుండదు. గొప్ప శాస్త్రవేత్త, ముప్పయ్యేళ్ళ అధ్యాపకుడు, ఒక అమ్మాయికి ఎట్లా బతకాలో చెప్పలేకపోతాడు. ఆ ఖాళీని ముసలితనం తేలేదు. అది ఎప్పటినుంచో వుంది. పని హడావిడిలో వినపడలేదు.

మన ఉద్యోగాల సంగతీ అంతే. తను చేసే పని తనది కానప్పుడు, పనిలో వున్నంతసేపూ మనిషి తనకు తాను పరాయిగా వుంటాడని మార్క్సు 1844 నాటి రాతప్రతుల్లో కార్ఖానా కార్మికుణ్ణి గురించి చెప్పాడు. బడిపంతులు దీనికి అతీతుడని చాలాకాలం అనుకున్నాం. ఈనాటి బడిపంతులు రోజంతా ఏం చేస్తున్నాడు? యాప్‌లో హాజరు వెయ్యటం, మధ్యాహ్న భోజనం లెక్కలు పంపటం, మరుగుదొడ్డి ఫొటో తీసి ఎక్కించటం, జనగణనకు పోవటం, ఎన్నికల డ్యూటీకి పోవటం. మధ్యలో వ్యవధి దొరికితే పాఠం. ప్రైవేటు కార్పొరేట్ కాలేజీలో పనిచేసే అధ్యాపకుడికి పాఠం కూడా తనది కాదు. పైనుంచి వచ్చిన కాగితం ప్రకారం ఏ రోజు ఏ లెక్క చెప్పాలో అదే చెప్పాలి. ఈ విధంగా ముప్పయ్యేళ్ళు పనిచేసినవాడిని అరవయ్యో యేట పిలిచి, ఇక నీ ఇష్టమొచ్చింది చేసుకోమంటే అతని దగ్గర ఇష్టం ఎక్కడ మిగిలివుంటుంది? ఇష్టమనేది వాడకపోతే తుప్పు పట్టే పనిముట్టు. సంగీతం తిరిగి మొదలుపెట్టమనేవాళ్ళు, దాన్ని అతను ఎందుకు మానెయ్యవలసివచ్చిందో అడగరేం?

దీనికి భిన్నంగా బతికిన ఇద్దరు బడిపంతుళ్ళను గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇద్దరూ శ్రీకాకుళం ప్రాంతం వాళ్ళే.

గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరి, 1911లో రిటైరయ్యారు. అప్పటికి 48 యేళ్ళు. ఈనాడు మనం ఆయనవిగా చెప్పుకునే పనుల్లో ఎక్కువభాగం ఆ తరవాతివి. వ్యావహారిక భాషను సమర్థిస్తూ 1913లో విజ్ఞాపన పత్రం రాశారు. 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. అదే యేడు వీరేశలింగం గారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజం పెట్టించారు. గ్రంథాల సంచీతో వూరూరా తిరిగి, పండితుల సభల్లో వాళ్ళ కావ్యాల్లోంచే వాళ్ళకు ప్రయోగాలు తీసి చూపించారు. సవర భాషా వ్యాకరణం 1931లో వచ్చింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. అప్పటికి ఆయనకు 75 యేళ్ళు. ఈ మధ్యలో 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే, 72 యేళ్ళ వయసులో అర్ధశతాబ్దం బతికిన ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు.

ఇదంతా విని, చూశారా రిటైరయ్యాక ఎంత సాధించవచ్చో అని ఉపదేశకులు చప్పట్లు కొడతారు. కొట్టే ముందు ఒక తేదీ చూడాలి. సవర భాష ఆయన నేర్చుకోవటం మొదలుపెట్టింది ఉద్యోగంలో వుండగానే, పందొమ్మిదో శతాబ్దంలోనే. సవరలను ఇంటికి పిలిచి వాళ్ళ దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు బళ్ళు పెట్టి, వాచకాలు రాశారు. ఆ పని చెయ్యమని ఏ యజమానీ చెప్పలేదు. వ్యావహారిక భాషా వాదమూ సర్వీసులో వుండగా మొదలైందే. ఒక భాషను పండితుల చేతుల్లోంచి తీసి మాట్లాడేవాళ్ళ చేతుల్లో పెట్టాలన్న ఆ సూత్రమే వ్యాకరణాన్నీ, నిఘంటువునూ, పత్రికనూ, సభలనూ కలిపింది. చెహోవ్ ప్రొఫెసరుకు దొరకనిది అదే. రామమూర్తి గారు 1911లో అర్థం కోసం వెతుక్కోలేదు. అప్పటిదాకా రాత్రులూ సెలవులూ తీసుకున్న పనికి పగళ్ళు కూడా ఇచ్చారు.

రెండోవారు కాళీపట్నం రామారావు గారు. కారా మాస్టారనే అందరికీ తెలుసు. 1924లో మురపాకలో పుట్టి, విశాఖపట్నంలో 31 యేళ్ళు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి 1979లో రిటైరయ్యారు. అప్పటికే 'యజ్ఞం' రాసిన మనిషి. రైతుకూలి అప్పు అనేది ఎటువంటి యంత్రమో ఆ కథ చూపించినంత కచ్చితంగా తెలుగులో మరే కథా చూపించలేదని నా అభిప్రాయం. అటువంటి రచయిత రిటైరైతే ఏం చెయ్యాలి? పత్రికల సలహా ప్రకారమైతే తనను తాను వ్యక్తం చేసుకోవాలి, ఆత్మకథ రాసుకోవాలి, తన సంపుటాలకు పీఠికలు రాయించుకోవాలి. ఆయన చేసిన పని వేరు. ఇతరుల కథలు పోగు చెయ్యటానికి పూనుకున్నారు. పేరున్నవాళ్ళవి, పేరు లేనివాళ్ళవి, ఒకే కథ రాసి మాయమైనవాళ్ళవి, పాత పత్రికల్లో చెదపురుగుల పాలవుతున్నవి. 1995లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. పురస్కారాల సొమ్ము ఈ పనికే పెట్టారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. ఆయనకు అప్పుడు 72 యేళ్ళు. అక్కడినుంచి 2021లో, 96 యేళ్ళ వయసులో చనిపోయేదాకా ఆ గ్రంథాలయమే ఆయన వ్యాపకం.

ఆ పనిలో గమనించవలసిన విషయం ఒకటుంది. అది ఒక్కరు చెయ్యగలది కాదు. ఎక్కడో ఒక వూళ్ళో ఎవరో దాచిన పత్రికల కట్టలు ఇవ్వాలి, ఇంకెవరో నకళ్ళు తియ్యాలి, మరొకరు పట్టికలు రాయాలి. ముసలాయన చెయ్యగలిగింది ఉత్తరాలు రాయటం, అడగటం, మళ్ళీ అడగటం. డెబ్భయ్యోపడిలో శరీరం చెయ్యగలిగిన పనే అది. ఎవరినైనా అడిగే నైతికాధికారం మాత్రం ముందు జీవితం సంపాదించిపెట్టాలి.

వీళ్ళు మహానుభావులు, మామూలు పంతుళ్ళ సంగతి వేరంటారా? నేను చెప్పేది ప్రతిభ గురించి కాదు. 1988లో జనవిజ్ఞానవేదిక పెట్టినప్పుడూ, ఆ తరవాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడూ రాత్రిపూట లాంతరు వెలుగులో కూర్చున్నవాళ్ళలో మామూలు పంతుళ్ళు బోలెడంతమంది. దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడటానికి ఆ రాత్రిబడులు ఒక కారణం. జీతం రాని అటువంటి పని ఉద్యోగకాలంలో ఒక్కటైనా చేసినవాడు, రిటైరైన మర్నాడు పదింటికి ఎటు పోవాలో తెలియక నిలబడడు.

అయితే ఇక్కడ ఒక గోతిని గురించి హెచ్చరించాలి. వయసుమళ్ళిన వాళ్ళ ఈ సేవాభావాన్ని రాజ్యమూ చూసింది, దాన్ని ఎట్లా వాడుకోవాలో కనిపెట్టింది. 2016లో కేంద్రప్రభుత్వం 'విద్యాంజలి' అనే పథకం పెట్టి, 2021లో దానికి మళ్ళీ కొత్త రూపం ఇచ్చింది. రిటైరైన ఉపాధ్యాయులు, ఉద్యోగులు మొదలైనవాళ్ళు స్వచ్ఛందంగా సర్కారు బళ్ళకు వచ్చి పాఠాలు చెప్పవచ్చునట. వినటానికి ఎంతో బాగుంది. ఆ బడిలో లెక్కల పంతులు పోస్టు ఎన్నాళ్ళుగా ఖాళీగా వుందో, బి.ఇడి. చదివి డి.యస్సీ. కోసం ఎదురు చూస్తూ కోచింగు సెంటర్లో కూర్చున్న కుర్రవాడు ఆ వూళ్ళో ఎంతమందో కూడా కాస్త అడగండి. పెన్షను పుచ్చుకునే పెద్దమనిషి ఉచితంగా వెళ్ళి ఆ ఖాళీలో కూర్చుంటే ఖాళీ కనపడకుండా పోతుంది. అతనికి తృప్తి దొరుకుతుంది, ప్రభుత్వానికి జీతం మిగులుతుంది, కుర్రవాడికి వయోపరిమితి దాటిపోతుంది. మంచి మనసుతో చేసినంత మాత్రాన ఇంకొకడి నోటిదగ్గర కూడు తీసెయ్యటం సేవ కాజాలదు. ఆ పోస్టు నింపమని ఆ కుర్రవాడి పక్కన నిలబడి ధర్నా చేస్తే, తెల్లజుట్టుకు అక్కడ విలువ ఎక్కువ.

చివరగా మన సంఘాల సంగతి. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కిన హక్కు అనీ తీర్పు చెప్పింది. పెన్షనర్లు యేటా ఆ తేదీన పండగ చేసుకుంటారు. చేసుకోవలసిందే. కాని ఆ హక్కును కింద నుంచి తవ్వేశారు. 2004 జనవరి 1 నుంచి కేంద్రంలో, సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో కొత్తగా చేరినవాళ్ళకు పాత పెన్షను పోయింది. ఉద్యోగి జీతంలోంచి కోసిన సొమ్ము మార్కెట్లో పెడతారు; చివర్లో అందులో నలభై శాతంతో యాన్యుటీ కొనుక్కోవాలి; అది ఎంత ఇస్తే అంత. ఒకే స్టాఫ్‌రూములో, ఒకే బల్ల దగ్గర, ఇద్దరు ఉపాధ్యాయులు కూర్చుంటారు. ఒకరి మలివయసు రాజ్యం పూచీ మీద వుంది, ఇంకొకరిది షేర్ బజారు మీద వుంది. 2019 ఎన్నికల ముందు వారం రోజుల్లో దీన్ని రద్దు చేస్తామన్నవాళ్ళు, 2023లో రద్దుకు బదులు ఇంకో చట్టం తెచ్చారు. బిస్మార్క్ దగ్గర నేర్చుకున్న విద్య ఎవరూ మరిచిపోలేదు.

దీనికి జవాబుగా మన పెన్షనర్ల సంఘాలు ఏం చేస్తున్నాయి? కరువుభత్యం బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు, ఏడాదికొకసారి తాను బతికే వున్నానని ప్రతివాడూ ఇవ్వవలసిన సర్టిఫికెట్టు. అన్నీ న్యాయమైన కోరికలే. బకాయిల కోసం ఆఫీసు మెట్లెక్కి దిగే ముసలివాళ్ళను చిన్నచూపు చూసేవాడికి వాళ్ళ మందుల చీటీ చూపించాలి. కాని అక్కడితో ఆగిపోతే ఏమవుతుందో ఇటలీలో వొక సినిమా తీసి చూపించారు. దసీకా 1952లో తీసిన 'ఉంబెర్తో డి.' రిటైరైన ప్రభుత్వోద్యోగి కథ. పెన్షను పెంచమని ముసలివాళ్ళు చేసే ఊరేగింపుతో మొదలవుతుంది. అందులో పెన్షనర్లు తప్ప మరెవరూ వుండరు. అనుమతి లేదని పోలీసులు చెదరగొడతారు. ఆ తరవాత ఎవరి దారి వాళ్ళది; ఉంబెర్తోకు మిగిలింది అద్దె బకాయీ, ఒక కుక్కా. ఆ సినిమా చూసి అప్పటి ప్రభుత్వంలో వున్న అంద్రెయొత్తి అనే పెద్దమనిషికి కోపం వచ్చింది. దర్శకుడు దేశాన్ని చెడ్డగా చూపాడనీ, కాస్త ఆరోగ్యకరమైన ఆశావాదం వుండవలసిందనీ ఆక్షేపిస్తూ వ్యాసం రాశాడు. ఆదివారం అనుబంధాల వాళ్ళకు ఆయన్ను పూర్వీకుడుగా చెప్పుకునే హక్కు వుంది.

మట్టితట్ట మోసే అవ్వ అరవయ్యో యేట తట్ట దించగలిగేంత పెన్షను కావాలని ఉపాధ్యాయ సంఘం అడిగితే, పెన్షనరు ఒంటరిగా ఊరేగవలసిన అవసరం వుండదు. అప్పుడు కొత్త ఉపాధ్యాయుడి పాత పెన్షను కోరికను సుఖపడ్డవాళ్ళ గోలగా చిత్రించటం పత్రికలకు అంత తేలికా కాదు. సి.పి.యస్. రద్దు చెయ్యాలన్న తీర్మానం ఈ ఇరవయ్యేళ్ళలో ప్రతి మహాసభలోనూ వచ్చింది. దాని పక్కన వ్యవసాయకూలీ పెన్షను గురించిన తీర్మానం ఎన్నిసార్లు వచ్చిందో, వచ్చిననాడు దానిమీద ఎంతమంది మాట్లాడారో, మిత్రులు తమ తమ సంఘాల మినిట్సు పుస్తకాలు తిరగేసి చూడవచ్చు. రిటైరైన వాళ్ళకు ఆ పుస్తకాలు తిరగెయ్యటానికి తీరిక వుంటుంది.